కాలవగట్టు ఊళ్లో నీళ్ల కంప్యూటర్‌

‘‘ఒరేయ్‌ తమ్ముడూ, వీడు కంప్యూటర్‌కి నీళ్ల పైపులు పెడతానంటున్నాడు. కరెంటు వస్తువుకి నీళ్లేందిరా? నువ్వైనా చెప్పు!’’

2025 ఫిబ్రవరి చివర్లో మా అక్కయ్య ఫోన్‌ ఇది. నిజం చెప్పొద్దూ... వినగానే నేనూ అక్కయ్య పక్షమే. తడిచేత్తో స్విచ్‌ వేస్తే వీపు విమానం మోత మోగించిన తరం మాది. అలాంటిది మదర్‌బోర్డు మీద నుంచి నీళ్లు పారించడమా! వాడికి బుద్ధి చెబుదామనే ఆ ఆదివారం కొలకలూరు వెళ్లాను. చెప్పలేకపోయాను సరికదా, ఆ నెలంతా వాడి వెంట రేడియేటర్ల కోసం, పంపుల కోసం ఊళ్లు తిరిగాను.

కొలకలూరు ఎక్కడంటారా? తెనాలికీ దుగ్గిరాలకీ మధ్య. ఒక పక్క పసుపు యార్డు, ఇంకో పక్క నిమ్మకాయల మార్కెట్‌. మాది కృష్ణా పశ్చిమ డెల్టా. 1855లో ఆనకట్ట పూర్తయింది మొదలు, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, మా బతుకంతా కాలవల మీదే. దుగ్గిరాల లాకుల దగ్గర చీలిన కాలవలే తెనాలి ఊరి మధ్య నుంచి పారి దానికి ‘ఆంధ్రా ప్యారిస్‌’ అనే పేరు తెచ్చాయి. చిన్నప్పుడు మేం ఈత నేర్చుకున్నది, గేదెల్ని కడిగింది, చివరికి అలిగి కూర్చున్నదీ కాలవగట్టునే. నీళ్లంటే మాకు తెలియనిది ఉందంటే ఒప్పుకోం. అదే నా పొరపాటని తర్వాత తేలింది.

మేనల్లుడి వృత్తి పెళ్లి వీడియోలు. షూటింగ్‌కి మనుషుల్ని పెట్టుకుంటాడు గానీ ఎడిటింగ్‌, ఆల్బమ్‌ డిజైనింగ్‌ తనే. చుట్టుపక్కల ఊళ్లలోని ఫొటోగ్రాఫర్లు కూడా పని తెచ్చి ఇస్తారు. 2022 చివర్లో అప్పు చేసి మంచి కంప్యూటరే కొన్నాడు. ఏఎండీ రైజెన్‌ 9 7950ఎక్స్‌ ప్రాసెసర్‌... పదహారు కోర్లు. దానికి ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్‌ 3080 గ్రాఫిక్స్‌ కార్డు. మేడ మీద రేకుల గదిలో పెట్టుకున్నాడు. చలికాలం గుర్రంలా పరిగెత్తింది.

2023 మే వచ్చింది. మన దగ్గర పెళ్లిళ్లు జోరుగా సాగేది ఎండలు మండే నెలల్లోనే కదా! వైశాఖ ముహూర్తాలకూ రోహిణి కార్తెకూ విడదీయరాని చుట్టరికం. రేకుల గదిలో మధ్యాహ్నం అయ్యేసరికి కూర్చోలేం. రెండు గంటల్లో అవ్వాల్సిన ఫైనల్‌ వీడియో నాలుగు గంటలైనా అవదు. వేడెక్కిన ప్రాసెసర్‌ తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది మరి. ఒక రోజు నట్టనడి ఎండలో కంప్యూటర్‌ దానంతటదే ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆగింది. రిసెప్షన్‌లో తెర మీద వేయాల్సిన పెళ్లి సినిమా వేళకు అందలేదు. పెళ్లివారు మిగతా డబ్బులివ్వలేదు. అంతకంటే నష్టం- ఆ పని తెచ్చిన ఫొటోగ్రాఫరు మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. 2024 మే, జూన్‌ నెలల్లో మూఢం వచ్చి ముహూర్తాలే లేవు కాబట్టి గండం తప్పింది. 2025లో అలా కాదు. ఏప్రిల్‌, మే నెలలకు ముందే బయానాలు తీసుకున్నాడు. ‘ఈసారి ఆగితే నేను షాపు మూసేసుకోవాలి మామయ్యా’ అన్నాడు. అప్పటికే అక్కయ్య మినుములు అమ్మిన డబ్బులోంచి అరవై వేలు ఇస్తానని మాటిచ్చింది. ఇచ్చేముందు నన్ను పిలిచిందన్నమాట.

కుండలో నీళ్లు... కంప్యూటర్‌లో నీళ్లు

వాడు నాకు పాఠం మొదలుపెట్టాడు. మామూలు కంప్యూటర్‌లో ప్రాసెసర్‌ మీద లోహపు రెక్కలు, వాటి మీద ఫ్యాను ఉంటాయి. నీళ్ల పద్ధతిలో ప్రాసెసర్‌ మీద రాగి దిమ్మ బిగిస్తారు. దాన్ని బ్లాక్‌ అంటారు. దాని లోపల సన్నటి గాళ్లలోంచి నీళ్లు పారి, వేడిని తీసుకుని రేడియేటర్‌కు వెళతాయి. అక్కడ ఫ్యాన్లు ఆ వేడిని గాల్లోకి తోసేస్తాయి. చల్లబడిన నీళ్లు పంపు ద్వారా మళ్లీ బ్లాక్‌కి. కారు ఇంజిన్‌ పద్ధతే. లీటరు నీళ్లు మోసే వేడిని మోయడానికి దాదాపు మూడున్నర వేల లీటర్ల గాలి కావాలట. కొత్తదేం కాదు, 1960ల్లోనే ఐబీఎం తన పెద్ద కంప్యూటర్లకు నీళ్ల పైపులు పెట్టింది.

బాగానే ఉందనుకుంటుండగా వంటింట్లోంచి అక్కయ్య అడిగింది: ‘‘కుండలో నీళ్లు బయటకంటే చల్లగా ఉంటయ్యి గదా. దీంట్లో నీళ్లూ అట్టాగే ఉంటయ్యా?’’

వాడు తడుముకున్నాడు. నేనూ తడుముకున్నాను. చెబితే చిన్నదే- కుండ చెమర్చుతుంది. ఆ చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. కంప్యూటర్‌లోవి మూతబిగించిన నీళ్లు. చెమర్చవు. కాబట్టి గదిలో 40 డిగ్రీలుంటే ఆ నీళ్లు 40 కంటే తగ్గవు, ఎప్పుడూ దానికి నాలుగాకులు ఎక్కువే. నీళ్లు చల్లదనాన్ని పుట్టించవు, వేడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోస్తాయంతే. మరి ఐసు వేస్తే? మా డెల్టా గాల్లో తేమ జాస్తి. చల్లటి గ్లాసు బయట నీటి బొట్లు పట్టినట్టే పైపుల మీద, బోర్డు మీద చెమ్మ పడుతుంది. మొదటికే మోసం.

అంటే అరవై వేలు పోసినా రేకుల గదిలో పెడితే బూడిదలో పోసినట్టే. ఆ సాయంత్రమే కంప్యూటర్‌ని మేడ దించి, కింద ఉత్తరం గదిలోకి మార్చాం. పాతకాలపు మందపాటి గోడలు, పైన స్లాబు, దాని పైన ఇంకో గది. మధ్యాహ్నం థర్మామీటరు పెడితే పైకీ కిందకీ ఏడు డిగ్రీల తేడా! పైసా ఖర్చు లేకుండా వచ్చిన ఏడు డిగ్రీలు. ‘మరి ఇంక నీళ్లెందుకురా?’ అన్నాను. ‘మే నెల రానీ మామయ్యా’ అన్నాడు. వాడిదే నిజం. ప్రాసెసర్‌ గట్టిగా పనిచేస్తే 230 వాట్లు తాగుతుంది, కార్డు ఇంకో 320. రెండూ ఒకే పెట్టెలో ఒకదాని వేడి ఒకటి పీల్చుకుంటూ గంటల తరబడి నడవాలి.

ఆటోనగర్‌ గురువు

మొదటి పాఠం బెజవాడలో దొరికింది. నా పాత కారు రేడియేటర్‌ కారుతోంటే ఆటోనగర్‌ తీసుకెళ్లాను, వీడూ వెంట వచ్చాడు. 1966లో మొదలైన ఆ పేటలో లారీ బాడీ నుంచి బోల్టు దాకా దొరకనిది లేదు. రేడియేటర్‌ రిపేరు చేసే పెద్దాయన దాన్ని విప్పి, మూతులన్నీ బిగించి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచాడు. బుడగలు ఎక్కడ వస్తే అక్కడ చిల్లి. సైకిల్‌ ట్యూబు పంక్చరు కనిపెట్టినట్టే.

మేనల్లుడు ఆశగా అడిగాడు: ‘‘బాబాయ్‌, కంప్యూటర్‌కి కారు రేడియేటర్‌ పెట్టుకోవచ్చా?’’ నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు. వాడి ఫోన్‌లోని బొమ్మలు శ్రద్ధగా చూశాడు. ‘‘నీ దిమ్మ రాగి. ఇప్పుడొచ్చే కార్ల రేడియేటర్లు అల్యూమినియం. ఒకే నీళ్లలో రెండూ ఉంటే అల్యూమినియాన్ని తినేస్తది. పాత కార్లవి రాగీ ఇత్తడీ... అయ్యి దొరికినా లోపల ఎంత తుప్పుందో ఎవడు చూశాడు?’’ అన్నాడు. తర్వాత చదివితే తెలిసింది, 2000ల మొదట్లో అమెరికాలో ఈ పిచ్చి మొదలైనప్పుడు చాలామంది పాత కార్లలోని హీటర్‌ రేడియేటర్లు పీకి వాడారట. ఇప్పుడైతే కంప్యూటర్ల కోసమే చేసిన రాగి రేడియేటర్లు వస్తున్నాయి. అయినా కొన్ని చవక రకాలు అల్యూమినియంవే, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్దాయన ఆ మాట చెప్పకపోతే మేం దాన్నే కొనేవాళ్లం.

వచ్చేస్తుంటే వెనక నుంచి కేకేశాడు: ‘‘నీళ్లు పొయ్యకముందు గాలి కొట్టి చూసుకోండయ్యా!’’

డెల్టా ఎక్కి...

విడిభాగాలకు రెండు దారులు. తెనాలి మద్రాసు లైన్లోనే ఉంది కాబట్టి చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లొచ్చు. లేదంటే సికింద్రాబాద్‌ పార్క్‌లేన్‌లోని చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌... అందరూ ముద్దుగా పిలిచే ‘సీటీసీ’. ఆన్‌లైన్‌ ఉండగా ఈ తిరుగుడెందుకంటారేమో. చేత్తో పట్టుకుని చూస్తేనే తెలిసే సంగతులు కొన్ని ఉన్నాయి, చెబుతాను. భాష కలుస్తుందని సీటీసీకే ఓటేశాం.

రేపల్లె నుంచి వచ్చే రైలు ఇప్పుడు ఎక్స్‌ప్రెస్‌ అయినా మా వాళ్లకది ఇప్పటికీ ‘డెల్టా’నే. తెనాలిలో రాత్రి ఎక్కాం. గుంటూరు, నడికుడి, మిర్యాలగూడ... ఎక్కడో పొందుగల దాటాక నిద్రలోనే కృష్ణ కూడా దాటేశాం. తెల్లారేసరికి హైదరాబాద్‌. షాపులు తెరిచేసరికి పదకొండు. ఆ లోపు ప్యారడైజ్‌ కూడలి చుట్టూ రెండు టీలు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు.

సీటీసీని మాల్‌ అనుకుంటే పొరపాటు. ఇరుకు వరండాలు, ఒకదాన్నొకటి రాసుకున్న కొట్లు, గుమ్మాల దాకా అట్టపెట్టెలు. ఒకడు భుజాన మానిటర్లతో వస్తుంటాడు, ఇంకొకడు నేల మీద కూర్చుని కీబోర్డులు లెక్కపెడుతుంటాడు. అప్పట్లో కంప్యూటర్‌ అనే మాట పుట్టిన ప్రతి తెలుగు ఇంటికీ ఇక్కడి నుంచి ఒక మౌసైనా వెళ్లి ఉంటుంది. కానీ నీళ్ల సరుకు అడిగితే నాలుగు కొట్లలో మొహం చిట్లించారు. ‘ఏఐఓ తీసుకోండి సార్‌’ అని అంటగట్టబోయారు.

ఐదో కొట్టు కుర్రాడికి ఈ సరకు తెలుసు. మావాడు రాసుకొచ్చిన చిట్టా అందుకున్నాడు. గట్టి గాజు గొట్టాల్లాంటి పైపులు, రంగురంగుల లైట్ల ఫ్యాన్లు, గులాబీ రంగు ద్రవం, అద్దాల పెట్టె. లెక్క వేశాడు- లక్షా పది వేలు! మావాడి మొహం మాడిపోయింది.

‘‘తమ్మీ, షో కోసమా, పని కోసమా?’’

‘‘పని కోసమే అన్నా.’’

‘‘మరి గివన్నీ ఎందుకు?’’ అని చిట్టాలో సగం కొట్టేశాడు. అమ్మేవాడే కొట్టేయడం నేనెక్కడా చూడలేదు. ముందు అతను నిజాయితీగా ఒక మాటన్నాడు: ప్రాసెసర్‌ ఒక్కదానికే అయితే ఏఐఓ చాలు. పంపు, రేడియేటర్‌, నీళ్లు అన్నీ ఫ్యాక్టరీలోనే నింపి బిగించి వస్తాయి. పదీ పన్నెండు వేలతో పోతుంది. నేను వెంటనే ‘అదే తీసుకుందాం’ అన్నాను. కానీ దాని పంపు పోతే మొత్తం పారేయాలి, లోపలి నీళ్లు ఏళ్ల మీద తగ్గిపోతే నింపడానికి చాలావాటికి దారి లేదు. పైగా మావాడికి ఎక్కువ వేడెక్కేది గ్రాఫిక్స్‌ కార్డు. దానికీ నీళ్లు కావాలంటే విడివిడిగా కొని కూర్చుకోవాల్సిందే. ఏ భాగం చెడితే ఆ భాగమే మార్చుకోవచ్చు. అప్పు తెచ్చి కొన్న యంత్రాన్ని ఆరేడేళ్లు నడపాలనుకునే వాడికి అదీ లెక్కే.

ఇక్కడే పెద్ద చిక్కు. ప్రాసెసర్‌ బ్లాకులు చాలావాటికి సరిపోతాయి. గ్రాఫిక్స్‌ కార్డు బ్లాక్‌ అలా కాదు. 3080 అని పేరొకటే అయినా ఒక్కో కంపెనీ బోర్డు ఒక్కోలా ఉంటుంది. స్క్రూ రంధ్రం ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా కూర్చోదు. పైగా కార్డు పాతబడేకొద్దీ బ్లాకులు దొరకవు. మావాడు కార్డు ఫొటోలు రెండు వైపులా తీసుకొచ్చాడు కాబట్టి బతికిపోయాం. షాపులో లేదు, ఒక చైనా కంపెనీ బ్లాక్‌కు ఆర్డరిచ్చాం. అదే కొనకుండా మిగతావి ముందు కొనేస్తే ఏమయ్యేదో ఊహించుకోండి. మీ ఇంట్లో ఎవరైనా ఈ పనికి దిగితే మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే- కార్డుకు బ్లాక్‌ ఉందా?

రేడియేటర్ల దగ్గర మాత్రం మేం తగ్గలేదు. ఒక్కోటి మూడు ఫ్యాన్లు పట్టేవి రెండు తీసుకున్నాం. రాగివే, రెండుసార్లు చదివి మరీ! గది వేడిని తగ్గించలేం కాబట్టి గదికీ నీళ్లకూ తేడా తగ్గించుకోవాలి. దానికి రేడియేటర్‌ వైశాల్యమే మార్గం. చిన్నది పెట్టి ఫ్యాన్లను అరిపించొచ్చు, కానీ ఎడిటింగ్‌ చేసేవాడికి పెళ్లి మంత్రాలు వినపడాలి కదా. పంపు డీ5 రకం. చాలా కంపెనీలు దీనికి నీళ్ల వేడి 60 డిగ్రీలు దాటకూడదని హద్దు పెడతాయి. అంటే మా వేసవిలో ఆ హద్దు మరీ దూరంలో లేదు.

గట్టి పైపుల మీద మావాడికి మనసు చావలేదు. వాటిని వేడిచేసి వంచాలి, కొలత తప్పితే విరిగి పారేయాలి. మెత్తని పైపు అయితే కత్తెరతో కోసి తోసేయడమే. మొదటిసారి చేసేవాడికి అదే క్షేమం. పైపుల చివర బిగించే ఫిట్టింగులను చేత్తో చూస్తే తెలుస్తుందన్నది అందుకే. మర అన్నిటికీ పావు అంగుళమే. కానీ పైపు లోపల 10, బయట 16 మిల్లీమీటర్లదైతే ఫిట్టింగూ దానిదే కావాలి, 13 మిల్లీమీటర్లది తెచ్చుకుంటే అంతే సంగతులు. రెండు బ్లాకులు, రెండు రేడియేటర్లు, పంపు- లోపలికొకటి, బయటికొకటి చొప్పున పది. ఒక్కోటి ఐదొందలు. ‘కుళాయి ముక్కలకే ఐదు వేలా!’ అని నేను గొణిగితే, ‘లీకయ్యేది గక్కడే సార్‌’ అన్నాడు. నోరు మూసుకున్నాను. అడుగున నీళ్లు వదిలేయడానికి ఒక కవాటం కూడా తీసుకోమన్నాడు. మేం మర్చిపోయింది అదే.

ఇంకో అనుమానం ఉండేది. ప్రాసెసర్‌ దాటి వేడెక్కిన నీళ్లు కార్డుకు వెళితే దానికేం లాభం, మధ్యలో రేడియేటర్‌ పెట్టాలేమోనని. అతను కాలిక్యులేటర్‌ తీశాడు. నిమిషానికి నాలుగు లీటర్లు తిరిగితే, 450 వాట్లు పడినా చుట్టు మొత్తంలో నీళ్లు వేడెక్కేది డిగ్రీన్నర చిల్లరే. కాబట్టి వరుస ఏదైనా ఒకటే. పంపుకి మాత్రం తొట్టి పైన ఉండాలి, ఎండిపోతే కాలిపోతుంది.

ద్రవాల సీసాలు చూపించబోతే మావాడే వద్దన్నాడు. రంగు ద్రవాలు కొన్ని నాళ్లకు మడ్డి కట్టి బ్లాక్‌లోని సన్నటి గాళ్లను పూడుస్తాయని ఎక్కడో చదివాడట. తుప్పు, పాచి పట్టకుండా కలిపే మందు సీసా ఒక్కటే కొన్నాం. కొరియర్‌తో కలిపి లెక్క అరవై రెండు వేల చిల్లర. ఆ పైన రెండు వేలూ ఎవరిచ్చారో మీరే ఊహించుకోవచ్చు.

ఆ రాత్రి టిష్యూ కాగితాలు

బ్లాక్‌ రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోపు నీళ్ల వెతుకులాట. ఊళ్లో బోరు నీళ్లు ఉప్పుగా ఉంటాయి, బిందెకే తెల్లటి పొర కడతాయి. కాలవ నీళ్ల సంగతి సరేసరి. ‘మినరల్‌ వాటర్‌ పోయండిరా’ అంది అక్కయ్య. అదీ పనికిరాదు, ఖనిజాలు లేని నీళ్లు కావాలి. చివరికి ఇన్వర్టర్‌ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్‌ వాటర్‌ తెనాలిలో తెచ్చాం. ఐదు లీటర్ల డబ్బా చూసి, కంప్యూటర్‌ మనకంటే శుభ్రమైన నీళ్లు తాగుతోందని అక్కయ్య దెప్పింది.

ఏప్రిల్‌ మొదటి వారంలో కూర్చున్నాం. ఆటోనగర్‌ పెద్దాయన మాట ప్రకారం ముందు గాలి. సైకిల్‌ పంపుకి మీటరు తగిలించి, కొద్దిపాటి ఒత్తిడి పెట్టి, అరగంట చూశాం. ముల్లు మెల్లగా దిగింది! రెండో రేడియేటర్‌ దగ్గర ఫిట్టింగు లోపలి రబ్బరు రింగు మెలిపడింది. సరిచేసి మళ్లీ. ఈసారి ముల్లు కదల్లేదు. అప్పుడు నీళ్లు. కంప్యూటర్‌కు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కదాన్నే నడిపాం. ప్రతి జాయింటు కిందా టిష్యూ కాగితం. తెల్లవార్లూ వాడు నిద్రపోలేదు, టార్చి వేసి కాగితాలు తడుముతూనే ఉన్నాడు. నాకూ నిద్ర పట్టలేదు కానీ పట్టినట్టు నటించాను. పొద్దున్నే అక్కయ్య వచ్చి పన్నెండు కాగితాలూ తనే తీసి, ఒక్కోటీ బుగ్గకు ఆనించి చూసింది. పొడిగా ఉన్నాయి. పెట్టెకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ‘లోపల మాత్రం రాయకే అమ్మా’ అన్నాడు వాడు.

ఇంకొకటి కూడా చేశాడు. ఈ ప్రాసెసర్‌లో ‘ఎకో మోడ్‌’ అని ఉంటుంది. అది పెడితే 170 వాట్ల తరగతి చిప్‌ 105 వాట్ల తరగతికి దిగుతుంది. వేగం తగ్గేది కొద్దిగా, వేడి తగ్గేది చాలా. ఇది ఉచితం. 2023 మేలోనే తెలిసి ఉంటే ఆ పెళ్లి సినిమా అందేదేమో అని వాడికి ఇప్పటికీ బాధ.

మే నెలలో ఒక ముహూర్తం రాత్రి పెళ్లయింది. మర్నాడు సాయంత్రమే రిసెప్షన్‌. నేను పనిగట్టుకుని వెళ్లాను. మధ్యాహ్నం రెండింటికి ఉత్తరం గదిలో 36 డిగ్రీలు. కిటికీ తెరిచి, పెట్టె వెనక టేబుల్‌ ఫ్యాన్‌ పెట్టాడు. అయిదొందల వాట్లంటే సగం హీటరు, ఆ వేడి గదిలోంచి పోవాలి కదా. తెర మూలలో నీళ్ల వేడి అంకె కనపడుతోంది. 41... 43... 45... 46 దగ్గర ఆగింది. గంటసేపు 46 మీదే ఉంది. మేం ముగ్గురం సినిమా చూడకుండా ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాం. నాలుగింటికి ఫైల్‌ తయారైంది. పెన్‌డ్రైవ్‌ జేబులో వేసుకుని వాడు బండి తీశాడు.

ఆ అక్టోబరులో గూగుల్‌ విశాఖలో 1500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతామని ప్రకటించింది. వాళ్ల ఏఐ చిప్‌లకు 2018 నుంచే ఇలా ద్రవంతో చల్లబరిచే పద్ధతి ఉందని పేపర్లో చదివి వినిపిస్తే అక్కయ్య మొహం వెలిగిపోయింది. ‘మనవాడు చేసిందే గదరా’ అంది.

పెన్‌డ్రైవ్‌తో వాడు వెళ్లిన ఆ సాయంత్రం నేను కాలవగట్టు దాకా నడిచాను. వేసవి కదా, కాలవ కట్టేశారు. అడుగున బురద నెర్రెలిచ్చి ఉంది, పిల్లలు అందులో క్రికెట్‌ ఆడుతున్నారు. తిరిగొచ్చేసరికి అక్కయ్య గుమ్మంలో కూర్చుని విసురుకుంటోంది. లోపల పంపు సన్నగా మూలుగుతోంది.

‘‘ఆ నీళ్లు ఎప్పుడు మార్చాల్రా?’’ అంది.

‘‘ఏడాదికోసారి అక్కయ్యా.’’

‘‘అయితే మళ్లీ మినుము చేతికొచ్చినప్పుడు గుర్తుచెయ్యి’’ అంది.